ఈదులవలస గిలకలమ్మ, మూత పడని గిలక

ఈదులవలస దాటి తూర్పుగా నడిస్తే, జీడితోటలు అయిపోయిన చోట ఒక చిన్న మెట్ట కనిపిస్తుంది. దాని మీద తాటిచెట్లు తప్ప మరో నీడ లేదు. ఆ చెట్ల మధ్య నాలుగు రాతి స్తంభాల మీద తాటాకు కప్పుతో ఉన్నదే గిలకలమ్మ తల్లి గుడి. గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు, గంట కూడా లేదు. గంట ఉండవలసిన చోట చూరు పొడవునా తాటాకు గిలకలు, అంటే గింజలు పోసి అల్లిన పిల్లల గిలక్కాయలు, వేలాడుతూ ఉంటాయి. సముద్రపు గాలి తిరిగినప్పుడు అవన్నీ ఒక్కసారిగా కదిలి, ఎండుటాకుల మీద చినుకులు పడ్డట్టు చప్పుడవుతుంది. ఆ చప్పుడు వినగానే పూజారమ్మ "తల్లి లేచింది" అంటుంది. గుడికి తలుపులు లేవు కనుక ఆ మాటే తలుపు తీసినట్టు.

కొత్తగా వచ్చిన యాత్రికులు మెట్ట కింద కొబ్బరికాయల కొట్టు కోసం వెతుక్కుంటారు. ఇక్కడ అలాంటి కొట్టు లేదు. కొన్న వస్తువు దేనినీ ఈ అమ్మవారికి సమర్పించరు. ఇంట్లో చేసినది, చేతితో చేసినది, పిల్లల కోసం చేసినది మాత్రమే ఇక్కడ చెల్లుతుంది. అమ్మవారి పాదాల దగ్గర తాటిబుర్రల బళ్ళు, పేలికల బొమ్మలు, కొబ్బరాకు బూరలు, మట్టి మేకపిల్లలు కనిపిస్తాయి. నైవేద్యం చోడి ఉండ. అంటే రాగిపిండిని వేయించి తాటిబెల్లంతో కట్టిన ఉండ. పెద్ద గుళ్ళలో చూసే పరమాన్నం, పులిహోర ఇక్కడ ఉండవు.

ఈ గుడి కథ ఏ గ్రంథంలోనూ లేదు. ఊరి ఆడవాళ్ళు ఆకులు మడుస్తూ చెప్పుకుంటూ వచ్చినదే. మా మేనత్త ఒక రకంగా, మా అమ్మ ఒక రకంగా చెప్పేవారు. గిలకలో పోసినవి చింతపిక్కలని మేనత్త, కందులని అమ్మ. నాకు మనసులో నిలిచినవి కందులే. ఇద్దరి మాటా కలిసే చోటు పట్టుకొని రాస్తున్నాను. మరికొన్నాళ్ళు ఆగితే ఈ మాత్రం కూడా చెప్పలేనేమోనని ఇప్పుడే రాస్తున్నాను. ఎక్కడైనా ముందు వెనుకలైతే యాత్రికులు మన్నించాలి. అమ్మ ఎలాగూ మన్నిస్తుంది.

పూర్వం ఇక్కడ ఊరు లేదు, తోటలూ లేవు. పడమటి కొండల వైపు నుంచి సముద్రానికి పోయే బాట మాత్రం ఉండేది. ఒక ఏడాది కొండల కింది పల్లెల్లో వానలు లేక చెలమలు ఎండిపోయాయి. మేకలు కాసుకొని బతికే కొన్ని కుటుంబాలు మూటలు నెత్తిన పెట్టుకొని, మందలను తోలుకుంటూ తూర్పుగా బయలుదేరాయి. వారికి పెద్ద సిమ్మినాయుడు. ఆ గుంపులో పారమ్మ అనే ముసలామె, ఆమె కోడలు ఆదెమ్మ, మనుమరాలు ముత్తేలు ఉన్నారు. పారమ్మ కొడుకు కూడా వారితోనే బయలుదేరాడు గాని, దారిలో వచ్చిన జ్వరంలో పోయాడు. అదే జ్వరం పసిపిల్ల ముత్తేలుకూ వచ్చింది. పిల్లకు తగ్గింది. తగ్గింది గాని, నోరు మూసుకుంది.

మాట లేదు, ఏడుపు లేదు, తిండి లేదు. పెదవులు తడిపితే ఆ తడి మింగేది, అంతే. చంకలో ఎత్తుకున్న ఆదెమ్మకు పిల్ల బరువు పూటపూటకూ తెలిసేది. "ఎత్తుకున్నా ఎత్తుకున్నట్టు లేదత్తా" అని ఆమె అంటే, పారమ్మ పిల్ల అరికాళ్ళు రాస్తూ నడిచేది.

వారు ఈ మెట్ట ఎక్కినప్పుడు ముందు పోతున్న మేకలు ఒక నల్లరాయి దగ్గర రెండు పాయలుగా చీలిపోయాయి. ఒక్క మేక కూడా ఆ రాయి మీద కాలు పెట్టలేదు. గొర్రె తలవంచి పోతుందేమో గాని మేక ఎత్తు కనబడితే ఎక్కకుండా ఊరుకోదు. అందుకే కాపరులు ఇది వట్టిరాయి కాదనుకున్నారు. దగ్గరికి వెళ్ళి చూస్తే దారిన పోయేవారెవరో పూసిన పాత పసుపు కనిపించింది. సిమ్మినాయుడు తలపాగా తీసి దణ్ణం పెట్టి, "తల్లీ, మమ్మల్ని నీల్లున్న సోటికి సేర్సు. తిరిగొచ్చి మేకపోతునిస్తాం" అని మొక్కుకున్నాడు. పొద్దు చల్లబడగానే బయలుదేరాలని అందరికీ చెప్పాడు.

ఆదెమ్మ పిల్లను ఎత్తుకొని ఆయన ముందుకు వచ్చింది.

"నాయుడు మావా, పిల్ల ఇంక దారి తట్టుకోదు. ఒక్క ముద్ద తిననీ. అది కడుపులో పడ్డాక ఎల్దాం."

"మందకి నీల్లు లేవమ్మా. ఈ పిల్ల కోసం ఆగితే మంద పోద్ది. మంద పోతే ఇక్కడున్న పిల్లలందరూ పోతారు. నన్నేటి సెయ్యమంటావు, నువ్వే సెప్పు."

సిమ్మినాయుడు రాతిగుండెవాడు కాడు. ఆయన చెప్పినది నిజమని ఆదెమ్మకూ తెలుసు. పొద్దు చల్లబడేలోగా పిల్ల చేత ఒక్క ముద్ద తినిపించాలి. అంతకు మించి ఆమెకు మరో దారి లేదు.

ఆమె మూటలో గుప్పెడు చోడిపిండి, చిన్న తాటిబెల్లం ముక్క ఉన్నాయి. మూడు రాళ్ళ పొయ్యి పెట్టి పిండిని కమ్మని వాసన వచ్చేవరకు వేయించింది. బెల్లాన్ని రెండు చుక్కల నీళ్ళలో కరిగించి, పిండిలో కలిపి, వేడి మీదే ఉండలు కట్టింది. వాసనకు మిగతా పిల్లలు చుట్టూ చేరారు. ముత్తేలు మాత్రం మొహం తిప్పుకుంది. గుంపులోని ఆడవాళ్ళు పిల్లను మరిపించాలని తలో పని చేశారు. ఒకామె మట్టితో మేకపిల్లను చేసి, తుమ్మముళ్ళు కొమ్ములుగా గుచ్చింది. ఒకామె చీరపేలికను చుట్టి బొమ్మ చేసి, బొగ్గుతో కళ్ళు పెట్టింది. కన్నమ్మ అనే ఆమె ఆకును బూరలా చుట్టి గట్టిగా ఊదింది. దానికి మేకలు బెదిరి పరుగెత్తాయి గాని పిల్ల రెప్ప వేయలేదు.

అప్పుడు పారమ్మ, "నాను గిలక సేస్తాను" అంది. "దీని అయ్య సిన్నప్పుడు గిలక సేతిలో ఉంటేనే గంజి తాగీవోడు. గిలక ఆడతా ఉంటే నోరు దానంతట అదే తెరుసుకునీది."

కన్నమ్మ నవ్వింది. "నిన్న సుట్ట ఎక్కడెట్టానే అని నన్నడిగింది ముసల్ది. సుట్ట సెవి మీదే ఉంది. దీనికి గిలక అల్లడం గుర్తుంటాదేటి!"

"నీ సెవి మీద ఉంటే నాకెందుకు కనబడదూ? నా సెవి నాకెలా కనబడతాదే!" అని పారమ్మ తాటిచెట్టు మొవ్వులోని లేత ఆకు, మొవ్వాకు, తెప్పించుకొని కూర్చుంది.

ఈనె తీసి ఆకును సన్నని పాయలుగా చీల్చింది. అడ్డం పాయలు, నిలువు పాయలు అల్లి అడుగు వేసింది. గోడలు లేపింది. చిన్న పెట్టె వచ్చింది. కొంగుముడిలో విత్తనానికని దాచిన కందులలోంచి కొన్ని తీసి అందులో పోసింది. ఇక పెట్టెకు మూత వేయాలి. నాలుగు వైపుల నుంచి నాలుగు పాయలు వంచి ఒకదాని మీద ఒకటి పడేటట్టు మడవాలి. మొదటి మడత పడింది. రెండోది పడింది. మూడోది పడింది. నాలుగో దాని దగ్గర పారమ్మ చేతులు ఆగిపోయాయి.

అటు వంచింది, ఇటు వంచింది. వదలగానే నాలుగు పాయలూ విచ్చుకున్నాయి. కందులు నేల మీద పడ్డాయి. ఒక మేకపిల్ల వచ్చి దొరికిన గింజ తినేసి ఇంకా ఉన్నాయా అన్నట్టు నిలబడింది. పారమ్మ దాన్ని అదిలించి మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ నాలుగో మడత దగ్గరే విచ్చుకుంది. ఈసారి కన్నమ్మ నవ్వలేదు. దగ్గర కూర్చొని గింజలు ఏరి ఇచ్చింది.

"ఎన్ని సేసానే ఆడికి! ఎన్ని గిలకలు సేసాను!" అంది పారమ్మ. "అప్పుడు సెయ్యి సేసీది, నాను సూసేదాన్ని కాను. ఇప్పుడు సూస్తంటే సెయ్యి మరిసిపోనాది. ఆడూ పోయాడు, ఆడి గిలకా పోయింది."

ఆదెమ్మ, "పోనీలే అత్తా, నువ్వు పడుకో" అని ఆమె చేతిలో ఆకు తీసి పక్కన పెట్టింది. ఎండ తల మీదికి వచ్చింది. పారమ్మ ఆ నల్లరాయి పక్కన తాటినీడలో కొంగు మొహం మీద కప్పుకొని పడుకుంది. పడుకునే ముందు రాయి వైపు తిరిగి, "నువ్వూ ఊరికే కూకున్నావు, నానూ ఊరికే పడుకుంటాను. ఇద్దరం సరిపోయాం" అందట. ఏడుపుతోనే నిద్ర పట్టింది.

ఆ నిద్రలో ఒక ఆడపిల్ల కనిపించింది. ముత్తేలంత ఉంటుంది. నల్లగా, బొద్దుగా, ఒళ్ళంతా పసుపుతో ఉంది. వచ్చి పారమ్మ ఎదురుగా గొంతుక్కూర్చొని, చెయ్యి చాచింది.

"మామ్మా, నాకియ్యి."

"ఏటిమ్మా?"

"గిలక. ఈ దారంట ఎల్లేవోళ్ళు అందరూ నా కాడ ఆగుతారు. అది కావాలి, ఇది కావాలి అంటారు. కోడినిస్తాం, మేకనిస్తాం అంటారు. నాను సిన్నపిల్లని కదా, మేకపోతునేటి సేసుకుంటాను? ఒక్కళ్ళయినా ఆడుకోడానికి ఏదీ ఎట్టరు."

పారమ్మకు ఎదురుగా ఉన్నది ఎవరో తెలిసిపోయింది. తెలిసినా, ఇంట్లో పిల్లతో మాట్లాడినట్టే మాట్లాడింది. "ఇద్దును తల్లీ. సివరి మడత రాటంలేదు. మరిసిపోనాను."

"రాకపోతే రానిదే ఎట్టు. రెండు సేతుల్తో పట్టుకుని నా ముందు కూకో. ఆ మడత సంగతి నీకెందుకు?" అని ఆ పిల్ల నవ్వింది. ఆ నవ్వుకు పారమ్మకు మెలకువ వచ్చింది.

లేస్తూనే ఆమె గిలక మళ్ళీ అల్లింది. మూడు మడతలు వేసి, నాలుగోది తెరిచే ఉంచి, రెండు చేతులతో బిగించి పట్టుకొని రాయి ముందు కూర్చుంది. కల సంగతి విని గుంపంతా చుట్టూ చేరింది. అప్పటికి ఎండ పసుపు రంగుకు తిరుగుతోంది. మూటలు కట్టడం అయిపోయింది. సిమ్మినాయుడికి కోపం వచ్చింది.

"సగం సేసింది దేవతకెట్టకూడదు పిన్నీ! సగం మొక్కు కీడు. అరగిలకెట్టి నిండు వరం అడుగుతావేటి?"

"ఆయమ్మే అడిగింది. కాదంటే నువ్వూ ఓ కునుకు తీసి అడుగు."

"పొద్దోయింది. లే!"

"నా సేతులు కాలీ లేవు, ఎలా లేవమంటావు?"

ముసలితనం వల్ల ఆమె చేతులు వణుకుతున్నాయి. ఆ వణుకుకు నాలుగో పాయ లేచి లేచి పడుతోంది. లేచినప్పుడల్లా సందులోంచి ఒక కందిగింజ జారుతోంది. ఆదెమ్మ ఒడిలో ఉన్న ముత్తేలు ఆ గింజను చూసింది. ఇంకొకటి జారింది. దాన్నీ చూసింది. మూడో గింజ అంచు దాకా వచ్చి ఊగుతుండగా పిల్ల తల్లి ఒడిలోంచి వంగి, చూపుడువేలు చాచి, లేచిన పాయను కిందికి నొక్కింది. నొక్కి ఊరుకోలేదు. దాని కొసను మొదటి పాయ కిందికి వేలితో దూర్చేసింది.

"మామ్మా, పడిపోతన్నాయి! గట్టిగా పట్టుకో!"

అందరికీ వినబడేలా, కేకవేసినట్టు పలికింది. జ్వరం వచ్చాక ఆ పిల్ల పలికిన మొదటి మాట అదే.

పారమ్మ చేతులు తీసినా గిలక విచ్చుకోలేదు. ముత్తేలుకు మాత్రం నమ్మకం కలగలేదు. విచ్చుకుంటుందేమోనని రెండు చేతులతో గిలకను అదిమి పట్టుకొని, కదిపి, గింజలు ఉన్నాయా లేదా అని వింటోంది. వింటూ నోరు కొద్దిగా తెరిచింది. ఆదెమ్మ తల్లి కదా, ఆ సందు వదలలేదు. చోడి ఉండను చిదిపి ఒక పలుకు నోట్లో పెట్టింది. పిల్ల మింగింది. మరొకటి పెట్టింది. చేతులు గిలక మీద ఉన్నాయి కనుక తోసెయ్యడానికి పిల్లకు చెయ్యి లేదు. తింటున్నట్టు దానికే తెలియలేదు. ఉండ సగం అయ్యాక, "ఇంకోటెట్టు" అంది.

అప్పుడు పారమ్మ రాయిని పట్టుకొని ఒక్కసారిగా ఏడ్చి, అందులోనే నవ్వింది. గుంపులో వాళ్ళు ఆమెకు మతి పోయిందేమోనని భయపడ్డారు.

"మరిసిపోలేదే! నాను మరిసిపోలేదు!" అంది. "ఆ మడత నాది కాదు. నాను ఎప్పుడూ ఎయ్యలేదు. మూడు మడతలేసి రెండు సేతుల్తో పట్టుకుంటే, మూడో సెయ్యి నాకెక్కడిది? ఆడే ఏలెట్టి దూర్సీవోడు. దీని అయ్యే. గిలక తొందరగా కావాలని ఎగబడి ఏలెట్టీసీవోడు. నాది కానిది నాకెలా గుర్తుంటాది?"

ఆదెమ్మ పెట్టబోతున్న పలుకు చేతిలోనే ఆగిపోయింది. పిల్ల "ఎట్టవే" అని గదమాయిస్తే మళ్ళీ పెట్టింది.

సిమ్మినాయుడు మూట దించి కూర్చున్నాడు. "తిననీ. ఉండలన్నీ అయ్యాకే ఎల్దాం" అన్నాడు. ఆ ఆగిన కాసేపటిలోనే కాపలా లేని మేకలు మెట్ట తూర్పు వాలున దిగిపోయాయి. వెతుకుతూ వెళ్ళిన కాపరులకు అక్కడ ఈత పొదలు, వాటి మొదట్లో గిట్టలతో ఇసుక తవ్వుతున్న మేకలు కనిపించాయి. ఇసుక తడిగా ఉంది. మోకాలి లోతు తీసేసరికి తియ్యటి నీళ్ళు ఊరాయి. చల్లబడగానే బయలుదేరి ఉంటే వాళ్ళు బాట వెంట అవతలి పక్కనుంచి పోయేవారు. ఆ నీళ్ళు కంటపడేవి కావు. వలస వచ్చినవారు ఆ ఈదుల దగ్గరే గుడిసెలు వేసుకున్నారు. అదే ఈదులవలస, ఆ నల్లరాయే గిలకలమ్మ.

నిలదొక్కుకున్నాక సిమ్మినాయుడు మొక్కిన మేకపోతును తెచ్చాడు. పారమ్మ అడ్డం నిలబడింది. "ఆయమ్మ ఏటడిగిందో మరిసిపోనావా? మతిమరుపు నాకా, నీకా?" అంది. పోతు బతికిపోయింది. సిమ్మినాయుడు ఆకు ముందేసుకొని కూర్చున్నాడు. కర్ర పట్టిన చేతులకు ఆకు లొంగలేదు. చివరకు వచ్చినది గిలకలా కాక ఎండ్రకాయలా ఉందని కన్నమ్మ నవ్విందట. అయినా మూడు మడతలు వేసి పట్టుకొని కూర్చుంటే, ముత్తేలు వచ్చి వేలు పెట్టి మూసింది. అలా ఈ క్షేత్రంలో ఆచారం మొదలైంది. పారమ్మ బతికి ఉన్నంత కాలం ఎన్నో గిలకలు చేసిందని, ఒక్కదానికీ తన చేతితో మూత వేయలేదని చెబుతారు.

చాలా కాలం తరువాత ఈ ప్రాంతపు భూస్వామి ఒకాయన బిడ్డ పుట్టిన సంతోషంతో అమ్మవారికి వెండి గిలక చేయించి తెచ్చాడు. పనితనం గొప్పదే. కానీ అది మూసి, మాటు వేసి అతికి, పూర్తి చేసి ఉంది. పిల్లలెవరూ దాని జోలికి పోలేదు. ఆ రాత్రి కల వచ్చి అమ్మ కోపించిందని కొందరు అంటారు గాని, మా అమ్మ ఆ మాట ఒప్పుకునేది కాదు. "తల్లికి కోపం రాలేదు, వేలు పెట్టడానికి సందు దొరకలేదు, అంతే" అనేది. ఆ భూస్వామి భార్య తెలివైనది. మర్నాడు ఆమే మొవ్వాకు కోయించుకొని, మెట్ట మీద కూర్చొని గిలక అల్లింది. ఒక మేకలకాపరి కూతురు వచ్చి దానికి మూత వేసింది.

మా చిన్నతనంలో చైత్రమాసపు జాతర ముందు ఏ ఇంటి అరుగు చూసినా ఆకుల చెత్తే. తాటిముంజలు తిన్నాక మిగిలిన బుర్రలు రెండు తీసుకొని, మధ్య పుల్ల గుచ్చి, చీలిన కర్రతో తోస్తే బండి అయ్యేది. ఆ బళ్ళతో పిల్లలు మెట్ట దాకా పందెం తోలేవారు. పాత చీర అంచుతో బొమ్మకు చీర కట్టేవారం. కొబ్బరాకుతో గడియారం చేసి మణికట్టుకు కట్టుకొని, పెద్దవాళ్ళను వేళ అడగమని వేధించేవాళ్ళం. మా నాన్న ఎప్పుడు అడిగినా "అన్నం వేళయింది" అనే చెప్పేదాన్ని. ఇళ్ళలో చోడిపిండి వేగే వాసన వీధి చివరి నుంచే తెలిసేది. మా అమ్మ పిండి వేయిస్తూ మాట్లాడనిచ్చేది కాదు. "మాటల్లో పడితే మాడుతుంది" అనేది. ఇప్పుడు రంగురంగుల గిలకలు సంతలో దొరుకుతున్నాయి. పిల్లలు వాటితోనూ ఆడుకుంటారు, అందులో తప్పేమీ లేదు. కాకపోతే ఆ గిలకకు మన వేలి అవసరం ఉండదు.

ఇప్పటికీ ఇక్కడ నడుస్తున్న ఆచారం ఇది. యాత్రికులు ఇంటి నుంచే గిలక అల్లి తేవచ్చు, లేదా మెట్ట మీద కూర్చొని అల్లవచ్చు. ఆకు పూజారమ్మ ఇస్తుంది. మూడు మడతల వరకే వేయాలి. గిలకను రెండు చేతులతో పట్టుకొని అమ్మవారి ముందు కూర్చోవాలి. తమ పిల్లలు కాని పిల్లలెవరైనా వచ్చి నాలుగో మడత వేస్తారు. అలా మూసిన గిలకను చూరుకు కట్టి, అంతకుముందు మరొకరు కట్టినది ఒకటి విప్పి ఇంటికి తీసుకుపోవాలి. తాము చేసినది తాము తీసుకోకూడదు. ప్రసాదం కూడా ఇక్కడ ఎవరూ చేతితో పట్టరు. గిలక పట్టుకున్నవారి నోటికి పక్కవారే చోడి ఉండ అందించాలి. పెద్దవారికైనా, ఎంతటివారికైనా అంతే. కొత్త కోడలి నోటికి అత్తగారు, అత్తగారి నోటికి కోడలు పెట్టుకోవడం ఇక్కడి జాతరలో చూడవలసిన వేడుక. అలిగి వచ్చినవారు కూడా నోరు తెరవక తప్పదు కనుక, తగాదా పడిన ఇళ్ళవారిని పెద్దలు ఈ మెట్టకు పంపే అలవాటు ఉంది.

ఇంటి దగ్గర చేయదలచిన తల్లులకు రెండు మాటలు. ఆకు లేతదై ఉండాలి, ముదురాకు విరుగుతుంది. పాయలన్నీ ఒకే వెడల్పున చీల్చాలి. గింజలు కందులు గాని, చింతపిక్కలు గాని వేయాలి. గురివింద గింజలు అందంగా ఉంటాయి గాని విషం, పిల్లలు నోట్లో పెట్టుకుంటారు కనుక వద్దు. చోడి ఉండకు పిండి సన్నమంట మీద వేయించాలి. బెల్లం నీళ్ళు ఎక్కువైతే ఉండ జారుతుంది, తక్కువైతే పగులుతుంది. పగిలినా పరవాలేదు, చిదిపి పెట్టేదే కదా.

మాట రాని పిల్లలకు మాట రావాలని, తిండి మానిన పిల్లలు తినాలని తల్లులు ఈ మెట్టకు వస్తారు. ఈ మధ్య పెద్దవయసువాళ్ళు కూడా ఎక్కువగా వస్తున్నారు. వారి కోరిక పూజారమ్మ అడగదు, వారి చేతులు చూస్తే తెలుస్తుంది. కొందరికి మూడు మడతలూ వస్తాయి, కొందరికి రెండే వస్తాయి. నిరుడు నాకు రెండో మడత దగ్గరే ఆగిపోయింది. ఏ ఊరి పిల్లో, నన్నేమీ అడగకుండా వచ్చి మిగిలిన రెండూ తనే వేసి, "నోరు తెరు మామ్మా" అని ఉండ పెట్టింది. ఇక్కడ ఎవరి లెక్కా ఎవరూ చూడరు. వచ్చినంత మడిచి, వదలకుండా పట్టుకొని కూర్చున్నవారి పక్కకు ఎవరో ఒకరి వేలు తప్పక వస్తుంది. వారిని ఆకలితో దిగనివ్వకుండా తల్లి గిలకలమ్మ చూసుకుంటుంది.